కలెక్టర్ గారూ, చిన్నవాళ్ల బిల్లులు ఇప్పించండి

పశ్చిమ గోదావరి జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. 2025 ఆగస్టులో మన సరుకులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు అందరూ రొయ్యల రైతు గురించే మాట్లాడారు. నిజమే, మొదటి దెబ్బ ఆయనకే. కానీ ఆయన చేతిలో డబ్బు ఆడకపోతే భీమవరంలో ఏరేటర్లు (చెరువు నీటికి గాలి అందించే యంత్రాలు) బాగుచేసే మెకానిక్‌కూ, ఆకివీడులో టిఫిన్ బండికీ బేరం ఉండదు.

బేరం తగ్గితే ఎలాగో నెట్టుకొస్తాం. మాలాంటి చిన్న వ్యాపారులను ముంచేది రావాల్సిన డబ్బు రాకపోవడం. పని చేసి బిల్లిచ్చాక నెలల తరబడి తిరగాలి, ఈలోగా వడ్డీ వ్యాపారి దగ్గర చేయి చాచాలి. ఆ టెన్షన్ ఇంటిల్లిపాదికీ. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందంలో ఎక్కువ గడువు రాసుకున్నా సరే 45 రోజుల్లోపు చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఆ హక్కు అడగాలంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు, కావాలి. మాలో చాలామందికి అది లేదు. ఉన్నవాళ్లకు, ఫిర్యాదు చేస్తే రేపు పనివ్వరేమోనని భయం.

ముందు ప్రభుత్వ శాఖల బకాయిలు తీర్పించండి, మిగతావాళ్లను అడిగే బలం అప్పుడే వస్తుంది. ప్రతి మండలంలో రిజిస్ట్రేషన్ శిబిరం పెట్టించండి. ప్రభుత్వ హాస్టళ్ల సరుకులు వీలైనంత డ్వాక్రా సంఘాల దగ్గర కొనండి. శిబిరానికి జనాన్ని తీసుకొచ్చే బాధ్యత మాది.

ఇట్లు,
ఒక చిన్న వర్క్‌షాపు యజమాని, భీమవరం