తాజ్ ఆడియో గైడ్‌లోని తప్పులపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: ముంబయి వారసత్వ యాత్ర ప్యాకేజీలో తాజ్ మహల్ ప్యాలెస్ హోటల్ గురించి తప్పుడు సమాచారం, ఇస్తామన్న లోపలి సందర్శన ఇవ్వకపోవడం, డబ్బు వాపసు.

అయ్యా,

మీ తెలుగు ఆడియోలో గొంతు బాగుంది, ఉచ్చారణ బాగుంది. చెప్పిన విషయాలే బాగాలేవు. సరిదిద్దడానికి వీలుగా తప్పెక్కడో, అసలు సంగతేమిటో రాస్తున్నాం.

గేట్‌వే ఆఫ్ ఇండియా అందం చూసే, హోటల్ కట్టించిన జంషెడ్జీ టాటా దాని ఎదురుగా స్థలం తీసుకున్నారని మొదట్లోనే చెప్పారు. హోటల్ తెరిచింది 1903 డిసెంబరు 16న. గేట్‌వేకి శంకుస్థాపన 1913లో, ప్రారంభం 1924లో. టాటా 1904లోనే కన్నుమూశారు. ఆయన కంటపడే అవకాశమే లేని కట్టడం అది! ఓడల్లో వచ్చేవాళ్ళకి ముందుగా కనిపించింది హోటల్ గుమ్మటమే. ఆ వరస తలకిందులైతే తర్వాత చెప్పేదేదీ అతకదు.

అంతకన్నా పెద్ద తప్పు, ఒక ఇంగ్లిషు ఆర్కిటెక్టు గీసిన ప్లాన్‌ని ముందువెనకలు తిరగేసి కట్టేశారని, అది చూసి ఆయన ఆత్మహత్య చేసుకున్నాడని మీ ఆడియో చెప్పిన కథ. ప్లాన్ గీసింది సీతారామ్ ఖండేరావ్ వైద్య, డి.ఎన్. మీర్జా. ఇద్దరూ మనవాళ్ళే. వైద్య మధ్యలో చనిపోతే పని పూర్తిచేసింది డబ్ల్యూ.ఏ. చేంబర్స్. భవనాన్ని ఎవరూ తిరగేసి కట్టలేదు. గుర్రబ్బళ్ళు వచ్చేది ఊరివైపు నుంచి కాబట్టి ముఖద్వారం అటు పెట్టారు. ఇప్పుడు ఈతకొలను ఉన్న చోటే ఆనాటి ప్రవేశం. తర్వాతి కాలంలో రాకపోకలు సముద్రం వైపుకి మారాయి, వెనక భాగం కాస్తా ముందు భాగమైంది. పాత ద్వారం సంగతి తెలియనివాళ్ళకి ఇది వింతగా కనిపించింది, కథ పుట్టింది. ఇద్దరు భారతీయ ఆర్కిటెక్టుల పేర్లు ఎగరగొట్టి, లేని తెల్లదొరని చంపడం ఎవరికి గౌరవమో మీరే చెప్పాలి.

దీనికి దిద్దుబాటు తేలిక. బస్సు దిగగానే గేట్‌వే దగ్గర ఆపకుండా, ముందు హోటల్ వెనక వీధికి నడిపించండి. రెండు రెక్కలు చాచి మధ్య ఖాళీ వదిలిన ఆకారం గురించి అక్కడే చెప్పండి. ఆ తర్వాత సముద్రం వైపు వస్తే ఎందుకలా కట్టారో వేరే వివరించక్కర్లేదు.

శైలి "గోథిక్" అన్నారు. అది ఎఫ్.డబ్ల్యూ. స్టీవెన్స్ కట్టిన విక్టోరియా టెర్మినస్ (ఇప్పటి ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్) రైల్వే స్టేషన్‌కి చెప్పాల్సిన మాట, ఇక్కడికి అతికించినట్టుంది. తాజ్‌ది ఇండో-సారసెనిక్, అంటే భారతీయ, ఇస్లామీ, యూరపు పద్ధతులు కలిపిన శైలి. మూసీ ఒడ్డున విన్సెంట్ ఎష్ కట్టిన హైకోర్టునీ, ఉస్మానియా ఆస్పత్రినీ గుర్తుచేస్తే మనవాళ్ళకి వెంటనే పోలిక తడుతుంది. పక్కనున్న ఎత్తయిన టవర్‌ని కూడా "నూట ఇరవై ఏళ్ళ కట్టడం"లో కలిపేశారు. అది 1973 నాటిది.

ఇక మెట్ల సంగతి. గుమ్మటం కింది పెద్ద మెట్లు చూపిస్తామని బ్రోషర్‌లో రాసి విడిగా రుసుము తీసుకున్నారు. హోటల్ నుంచి మీరు ముందుగా అనుమతే తీసుకోలేదు. అది బస చేసినవాళ్ళ హోటల్. నలభైమందిని లాబీలోకి తోసుకుపొమ్మంటే కుదరదు. చూపించకపోయినా కనీసం ఆడియోలోనైనా సరిగ్గా చెప్పి ఉండాల్సింది. ఆ మెట్లు కట్టించిన కాంట్రాక్టరు ఖాన్‌సాహెబ్ సొరాబ్జీ రతన్‌జీ పేరు మీ దాంట్లో ఎక్కడా లేదు. "గాల్లో తేలే మెట్లు" అని ఊరుకున్నారు. ఇలాంటి మెట్లకి ఒక కొస గోడలోకి దిగి ఉంటుంది, రెండో కొస కింద స్తంభం ఉండదు. గోడ బరువు ఆ కొసని అదిమి పట్టుకుంటుంది. ఇంత చెబితే చాలు, చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది.

భారతీయుడని వాట్సన్ హోటల్లో టాటాని రానివ్వలేదని, అందుకే తాజ్ కట్టారని చెప్పుకునే కథని చరిత్రగా చెప్పొద్దు, కథగానే చెప్పండి. ఆ భవనం మాత్రం కాలాఘోడాలో ఇప్పటికీ ఉంది. ఇంగ్లండులో పోతపోసిన ఇనుప చట్రాన్ని ఓడల్లో తెచ్చి 1860లలో బిగించారు. చూపించదగ్గదే, కానీ ఎదుటి పేవ్‌మెంట్ మీద నిలబెట్టి. 2005లో అందులో కొంత భాగం కూలింది.

మరో మాట. గుమ్మటం బొమ్మతో కీచైన్లు అమ్ముతున్నారు. ఈ భవనం రూపానికి 2017లో ట్రేడ్‌మార్క్ వచ్చింది. యాత్రికులు ఫోటోలు తీసుకుంటే తప్పులేదు గానీ, వ్యాపారానికి వాడాలంటే అనుమతి కావాలి. ఉంటే ఆ సంగతి బ్రోషర్‌లో వేయండి, లేకపోతే అమ్మకం ఆపండి.

మేము కోరేవి: పాత ఆడియోని వెంటనే యాప్ నుంచి తీసేయాలి. లోపలి సందర్శనకని తీసుకున్న రుసుము అందరికీ, చెల్లించిన ఖాతాలకే, 15 రోజుల్లో తిరిగి వేయాలి. హోటల్ అనుమతి పత్రం చేతికి వచ్చేదాకా బ్రోషర్‌లో మెట్లు చూపిస్తామన్న వాక్యం ఉండకూడదు. గడువు దాటితే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద మేముండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేస్తాం. అందుకోసం ముంబయి దాకా రానక్కర్లేదు. బ్రోషర్ నకలు, రసీదులు, తప్పులున్న చోట్ల నిమిషాల పట్టిక జతచేశాం.

ఇట్లు,
యాత్రికుల బృందం తరఫున