కషాయాన్ని పన్నీరు అనకండి

సంపాదకులకు,

నమస్కారం. పది రోజుల కిందట మీ ఆదివారం అనుబంధంలో ‘ఇంట్లోనే హైడ్రోసాల్’ అంటూ అర పేజీ వేశారు. తర్వాతి ఆదివారం సవరణ వస్తుందని చూశాను. రాలేదు. ఆ పేజీ చూసి ఎందరు సీసాలు నింపి దాచుకున్నారో తెలియదు కాబట్టి రాయక తప్పడం లేదు.

ముందు పేరు సంగతి. గులాబీ రెక్కలు నీళ్లలో వేసి పావుగంట మరిగించి, వడగట్టి సీసాలో పోయమన్నారు. అలా వచ్చేదాన్ని కషాయం అంటారు. రెక్కల్లోని రంగు, చక్కెరలు, వగరునిచ్చే టానిన్లు, జిగురు అన్నీ అందులోకి దిగుతాయి. హైడ్రోసాల్ అంటే మన పన్నీరే, పూలు మరిగేటప్పుడు పైకి లేచే ఆవిరిని చల్లార్చి పట్టుకున్న నీరు. ఆవిరితో కలిసి ఎగిరి రాగలిగినవే అందులో ఉంటాయి: కాసింత సుగంధ పదార్థం, కొద్దిపాటి ఆమ్లాలు. రంగు ఎగిరి రాదు. మీరు బొమ్మగా వేసిన గులాబీరంగు సీసాయే తప్పు ఎక్కడుందో చూపిస్తోంది. మనకు కషాయం అనే మాటా ఉంది, పన్నీరు అనే మాటా ఉంది. రెండూ ఉండగా ఒకదాని బదులు ఇంకొకటి వాడటం దేనికి?

ఇది మాటల పట్టింపు అని కొట్టిపారేయకండి. చక్కెరలూ జిగురూ ఉన్న నీరు సూక్ష్మజీవులకు వడ్డించిన విస్తరి. ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు రోజులు దాటితే పారబోయాలి. మీరేమో దాన్ని స్నానాల గది అలమారలో ఆరు నెలలు ఉంచుకోవచ్చని అచ్చేశారు. ఆరు నెలలు! వెచ్చగా, తేమగా ఉండే ఆ గది కంటే బూజుకు అనువైన చోటు ఇంట్లో ఇంకొకటి లేదు.

అసలు పన్నీరు ఇంట్లో తీయడం బ్రహ్మవిద్యేమీ కాదు, మీ అర పేజీలో నిక్షేపంగా పట్టేది. గుమ్మటం లాంటి మూత ఉన్న వెడల్పాటి స్టీలు గిన్నె కావాలి. అల్యూమినియం వద్దు, పూలలోని ఆమ్లాలకు అది స్పందిస్తుంది. గిన్నె మధ్యలో చిన్న స్టీలు స్టాండు పెట్టి, దాని మీద ఖాళీ గిన్నె ఉంచాలి. చుట్టూ పావుకిలో తాజా రెక్కలు పరిచి, లీటరున్నర డిస్టిల్డ్ వాటర్ పోయాలి. నీళ్లు స్టాండు ఎత్తు దాటకూడదు, దాటితే మరిగేటప్పుడు లోపలి గిన్నెలోకి చిందుతాయి. మూతను వెల్లకిలా పెట్టాలి. గుమ్మటం కిందికి దిగి ఉంటేనే ఆవిరి చుక్కలుగా మధ్యకు జారి గిన్నెలో పడుతుంది. అంచుల్లోంచి ఆవిరి పోతుంటే తడిపిన పిండి ముద్ద చుట్టూ అద్దాలి. మూత పైన ఐసు వేసి, కరిగిన నీళ్లు తీసేస్తూ మళ్లీ వేస్తూ ఉండాలి. సెగ సన్నగా ఉండాలి. ఎంత వచ్చిందో చూద్దామని మాటిమాటికీ మూత తెరిస్తే పోయేది ముందు వాసనే.

ఎప్పుడు ఆపాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. పావుకిలో రెక్కలకు 250 నుంచి 300 మిల్లీలీటర్లు పడగానే దించేయాలి. సువాసన మొదట్లోనే వస్తుంది, ఆ తర్వాత దిగేది దాదాపు ఉత్త నీరు, ముందు పట్టినదాన్ని కూడా పలచన చేస్తుంది. నీళ్లు ఇంకిపోయి రెక్కలు అడుగంటితే మాడు వాసన ఎక్కుతుంది, అది ఇక వదలదు. సరిగ్గా తీసిన పన్నీరు కూడా మొదటి రోజుల్లో కొంచెం ఉడుకు వాసన వేస్తుంది. పాడైందని కంగారుపడి పారబోయకండి, కొన్నాళ్లకు అదే తగ్గుతుంది.

పువ్వు విషయంలోనూ మీ వ్యాసం ‘ఏ పువ్వయినా సరే’ అని తేల్చేసింది. వాసన లేని హైబ్రిడ్ గులాబీల నుంచి వచ్చేదానికి కుళాయి నీళ్లకు పెద్ద తేడా ఉండదు. మల్లె సుగంధం ఆవిరి వేడికి సరిగా నిలవదు కాబట్టే పరిశ్రమలో దాన్ని ద్రావకాలతో తీస్తారు. అలంకరణ కోసం పెంచిన పూల మీద పురుగుమందు ఉండే అవకాశం ఎక్కువ. తెల్లవారుజామున కోసిన, మందు చల్లని, ఘాటైన వాసన ఉన్న పువ్వే పనికొస్తుంది.

ఇక నిలవ. చక్కెరలు లేకపోయినా పన్నీరు కూడా నీరే, దానంతట అది నిలవ ఉండదు. అందులోని సుగంధ పదార్థం సాధారణంగా 0.1 శాతం కూడా ఉండదు, అది క్రిములను ఆపలేదు. ‘విటమిన్ ఇ చుక్కలు వేస్తే పాడవదు’ అన్న వాక్యం పూర్తిగా తప్పు. విటమిన్ ఇ నూనెలు ముక్కిపోకుండా ఆపుతుంది, బ్యాక్టీరియా జోలికి పోదు. పైగా నీళ్లలో కరగక పైన తెట్టులా తేలుతుంది. ఏ నిలవ మందూ వద్దనుకునేవారు కొద్దికొద్దిగా తీసుకుని, పది నిమిషాలు నీళ్లలో మరిగించి ఆరబెట్టిన గాజు సీసాలో పోసి, ఫ్రిజ్‌లో పెట్టి వారంలో వాడేయాలి. మిగతాది ఐసు ట్రేలో గడ్డకట్టించుకోవచ్చు.

ఎక్కువ రోజులు కావాలంటే నిలవ మందు వేయాల్సిందే, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. 300 మిల్లీలీటర్లకు ఒకటిన్నర గ్రాముల సోడియం బెంజోయేట్, 0.9 గ్రాముల పొటాషియం సార్బేట్. చెంచాతో కాదు, గ్రాములో పదో వంతు చూపించే త్రాసుతో తూచాలి. ఇవి ఆమ్ల గుణం ఉన్న నీటిలోనే పనిచేస్తాయి. ఆ గుణాన్ని చెప్పే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. పీహెచ్ 5 దగ్గర బెంజోయేట్‌లో సుమారు ఏడో వంతే పనిచేసే రూపంలో ఉంటుంది, 6 దగ్గర రెండు శాతం కూడా ఉండదు. అందుకని మందులు కరిగాక సిట్రిక్ ఆసిడ్ ద్రావణాన్ని చుక్కలుగా కలుపుతూ, పరీక్ష పట్టీతో చూసుకుంటూ 4.5కు తేవాలి. సిట్రిక్ ఆసిడ్ పొడిని నేరుగా కుమ్మరిస్తే అక్కడికక్కడే తెల్లటి రవ్వ విడిపోతుంది. మీ వ్యాసమేమో ‘ఆమ్లం పోవడానికి చిటికెడు వంటసోడా’ వేయమంది. వంటసోడా పీహెచ్‌ను 8 దాకా లాక్కుపోతుంది. 5 చుట్టుపక్కల ఉండే చర్మానికి అది పడదు, నిలవ మందునూ పనికిరాకుండా చేస్తుంది. ఒక్క చిటికెతో రెండు నష్టాలు.

‘పూలు దొరక్కపోతే నీళ్లలో పది చుక్కల ఎసెన్షియల్ ఆయిల్ వేసి కుదపండి’ అన్నది మరో ప్రమాదం. నూనె నీళ్లలో కరగదు. ఎంత కుదిపినా మళ్లీ పైకి తేలుతుంది, ఒక్కో పిచికారీలో పలచబడని నూనె బొట్టు ముఖం మీద పడుతుంది. ఎర్రటి దద్దుర్లు వచ్చేది అలాంటప్పుడే. పాలీసార్బేట్ 20 లాంటిది కలిపితే తప్ప నూనె నీళ్లలో కుదురుకోదు.

అన్నిటికన్నా కోపం తెప్పించినది చివరి పెట్టె. అలసిన కళ్లలో రెండు చుక్కలు వేసుకోమన్నారు! ఇంట్లో తీసిన ఏ నీరూ స్టెరైల్, అంటే పూర్తిగా క్రిమిరహితం కాదు. నీళ్లలో తేలిగ్గా పెరిగే సూడోమోనాస్ బ్యాక్టీరియా కంటి నల్లగుడ్డు పైపొరను దెబ్బతీసి చూపుకే ముప్పు తెస్తుంది. మూసిన రెప్పల మీద తడి దూది వేసుకోవడం వేరు, కంట్లో పోసుకోవడం వేరు. ఒక్క కంటి డాక్టరుకు చూపించినా ఆ వాక్యం కొట్టేసేవారు. చూపించే అలవాటే పోయింది. వంటల పేజీలో ఉప్పు తప్పుపడితే పది ఉత్తరాలు వస్తాయి, చర్మానికీ కంటికీ సంబంధించిన పేజీని మాత్రం ఎక్కడినుంచో ఎత్తి పోసేస్తున్నారు. ‘సహజం’ అని రాస్తే చాలు, కొలతలు అక్కర్లేదు.

అధికారులదీ అదే ఉదాసీనత. దుకాణాల్లో అమ్మే సీసా ముందువైపు ‘స్వచ్ఛమైన గులాబీ నీరు’ అని ఉంటుంది, వెనక చిన్న అక్షరాల్లో ‘ఆక్వా, పర్ఫ్యూమ్’ అని ఉంటుంది. అంటే నీళ్లు, కలిపిన సెంటు. నిజంగా ఆవిరి పట్టినదైతే జాబితా మొదట్లోనే ‘రోసా డమాసీనా ఫ్లవర్ వాటర్’ లాంటి పేరు కనబడాలి. ఈ రెండు వైపులకూ పొంతన ఉందో లేదో చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు, సీసా తిప్పి చదివితే చాలు. ఆ పని కూడా జరగకపోతే తనిఖీ శాఖలు ఎందుకున్నట్టు?

సవరణ వేయండి. అదే అనుబంధంలో, అదే సైజులో, కంటి విషయం అన్నిటికంటే పైన. ఆ పద్ధతిలో చేసుకున్నవారు సీసా మొత్తం పారబోయాలని రాయండి. నీరు తేటగా ఉన్నా, వాసన బాగున్నా పారబోయాల్సిందే. నూలుపోగుల్లా ఏదో తేలడం, అడుగున మసక కనబడేసరికే క్రిములు లక్షల్లో ఉంటాయి. పిచికారీ మూతనూ, లోపలి గొట్టాన్నీ కూడా మళ్లీ వాడవద్దని చెప్పండి. కడిగినా శుభ్రపడని చోటు అదే, కొత్త సీసాకు పాత మురికి అంటేదీ దాన్నుంచే.

– మీ పత్రిక పాఠకురాలు