బీమ్ మీద పోయిన 2.6: హాసినికి అమ్మ ఉత్తరం

గుంటూరు

హాసినీ బంగారం,

నువ్వు పంపిన జిమ్నాస్టిక్స్ పోటీ స్కోరు కాగితం ఫోటో చూశాను. బీమ్‌లో, అదే ఆ సన్నటి దూలం మీద, 8.7. కింద "మళ్లీ అంతే అమ్మా, నాకింక రాదు" అని రాశావు. ఫోన్లో మాట్లాడితే నువ్వు ఏడుస్తావు, అమ్మమ్మ కంగారుపడుతుంది, అసలు సంగతి పక్కకు పోతుంది. అందుకని రాస్తున్నాను. పెన్సిలు, జామెట్రీ బాక్సు దగ్గర పెట్టుకుని చదువు.

ఆ 8.7లో రెండు అంకెలున్నాయి. డి స్కోరు 2.3, ఇ స్కోరు 6.4. డి అంటే నువ్వు ఏం చేశావు, ఇ అంటే ఎలా చేశావు. ఇ స్కోరు పది నుంచి మొదలై కిందికి దిగుతుంది. నీకు 6.4 వచ్చిందంటే 3.6 పోయినట్టు. పడినందుకు 1.0 పోయింది, అది నీకూ తెలుసు. మరి మిగతా 2.6? పడకపోయినా ఆ 2.6 పోయేదే. పోయిన పోటీలోనూ, అంతకు ముందు పోటీలోనూ పోయింది అదే. నువ్వేమో కోచ్ సార్ దగ్గరికెళ్లి కొత్త ఎలిమెంట్, అంటే ఇంకో కొత్త విన్యాసం, నేర్పమని అడుగుతున్నావు.

ఒక ముందు మాట. నేను రాసే పాయింట్ల కోతలన్నీ అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య నియమాల పుస్తకం ప్రకారం. చిన్న వయసు విభాగాలకు వాటిని సడలించో, మార్చో పెట్టడం మామూలే. మీ పోటీకి ఏ కాగితం పాటిస్తున్నారో సార్‌ని అడిగి ఒక జిరాక్స్ తెచ్చుకో. ఆ కాగితం చదవకుండా రొటీన్ మార్చొద్దు.

ముందు డి సంగతి చూద్దాం, అది త్వరగా తేలుతుంది. చివర్లో బీమ్ మీద నుంచి దిగే డిస్మౌంట్‌తో కలిపి నీ ఎలిమెంట్లలో విలువైన ఎనిమిదింటిని లెక్కలోకి తీసుకుంటారు. కష్టాన్ని బట్టి ఎలిమెంట్ ఎ అయితే 0.1, బి అయితే 0.2, సి అయితే 0.3. నీకు ఇక్కడ 1.3 వచ్చింది. దీనికి తోడు నాలుగు తప్పనిసరి అంశాలు, ఒక్కోదానికి 0.5. నీకు రెండే ఇచ్చారు: ఒంటికాలి మీద తిరిగే టర్న్, ఇంకా ముందుకీ వెనక్కీ చేసే ఆక్రో, అంటే పల్టీల్లాంటివి. సాల్టోతో, అంటే చేతులు ఆనించకుండా గాల్లో వేసే పల్టీతో, కూడిన ఆక్రో సిరీస్ నీకు ఇంకా రాదు. దానికి తొందరేం లేదు, అది వచ్చే ఏడాది మాట. నాలుగోది డ్యాన్స్ కనెక్షన్. వేర్వేరు డ్యాన్స్ ఎలిమెంట్లు రెండు ఆగకుండా కలిపి చేయాలి, అందులో ఒకటి కాళ్లు తిన్నగా విడదీసే 180 డిగ్రీల స్ప్లిట్ ఉన్నదై ఉండాలి. స్ప్లిట్ లీప్, వెంటనే వుల్ఫ్ జంప్ (ఒక కాలు ముడిచి, ఇంకోటి చాచి ఎగరడం) నీ రొటీన్‌లో ఉన్నాయి కదా, మరి 0.5 ఎందుకు రాలేదు? వీడియో చూడు. లీప్ దిగాక చేతులు ఒకసారి కిందికి తెచ్చి, కాళ్లు సర్దుకుని, అప్పుడు ఎగురుతున్నావు. ఆ సర్దుబాటుతో కనెక్షన్ తెగిపోయింది. లీప్‌లో ముందు కాలు బీమ్‌కి తాకేసరికి వెనక కాలు దాని పక్కకు వచ్చేయాలి. చేతులు పైనుంచి కిందికి వచ్చే ఊపునే జంప్‌కి వాడుకోవాలి. ముందు నేల మీద గీసిన గీత మీద, తర్వాత నేలకి దగ్గరగా ఉండే లో బీమ్ మీద, ఆ రెండూ ఒకే చప్పట్ల లెక్కలో రావాలి. కొత్తగా ఏమీ నేర్చుకోకుండానే అర పాయింటు. నీకున్న వాటిలో ఇంత చవగ్గా వచ్చేది ఇంకోటి లేదు.

కనెక్షన్ ఇచ్చి ఉండాల్సిందని సార్‌కి అనిపిస్తే డి స్కోరు మీద రాతపూర్వకంగా అడగొచ్చు. ఇ స్కోరు మీద మాత్రం అడిగే వీల్లేదు. కాబట్టి జడ్జి కఠినమా, మెతకా అన్న చర్చ బస్సులో కూర్చుని ఎంతసేపు చేసుకున్నా ఒరిగేదేం లేదు.

ఇక ఆ 2.6. నీ వీడియో నాలుగుసార్లు నెమ్మదిగా తిప్పి, జడ్జి రాసుకున్నట్టే రాశాను. వేళ్లు చాచి పాయింట్ చేయని పాదాలు ఆరు చోట్ల, ఒక్కోదానికి 0.1. రెండు సెకన్లు దాటిన ఆగుళ్లు అయిదు, ఒక్కోదానికి 0.1. మోకాలు కొద్దిగా వంగడం నాలుగు చోట్ల, 0.4. స్ప్లిట్ తక్కువైనందుకు ఒకచోట 0.1, ఒకచోట 0.3. తూలడం మూడుసార్లు, రెండు చిన్నవి, ఒకటి నడుం దాకా వంగినది, మొత్తం 0.5. దిగేటప్పుడు చేతుల ఊపు 0.1, చిన్న అడుగు 0.1. కూడి చూడు, సరిగ్గా 2.6. ఒక్కోటి చూస్తే ఏమంత లెక్క కాదనిపిస్తుంది. 2016 రియో ఒలింపిక్స్ వాల్ట్ (పరుగెత్తి బల్ల మీదుగా ఎగిరేది) ఫైనల్లో దీపా కర్మాకర్‌కి 15.066, కాంస్యం గెలిచిన అమ్మాయికి 15.216. తేడా 0.150. అది రెండు వాల్టుల సగటు కాబట్టి రెండూ కలిపి తేడా 0.3. ల్యాండింగ్‌లో ఒక పెద్ద అడుగు వేస్తే పోయేది కూడా 0.3.

ఆగుళ్ల నుంచి మొదలుపెట్టు, అన్నిటికన్నా అవే తేలిక. వెనక్కి చేతుల మీదుగా తిరిగే బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ ముందు నిలబడి ఊపిరి పీల్చుకుంటావు, చేతులు పైకెత్తి మళ్లీ దించుతావు. జడ్జి మనసులో ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూనే ఉంటుంది. ప్రతి ఎలిమెంట్ ముందు ఊపిరికి ఒక చోటు ముందే నిర్ణయించుకో: ఇదిగో ఈ అడుగులో పీల్చాలి, ఆ అడుగులో వదలాలి. రొటీన్ మొత్తం 90 సెకన్లలోపు అయిపోవాలి, 80 దగ్గర గంట కొడతారు. నీది 86 సెకన్లు పట్టింది. అయిదు ఆగుళ్లు తీసేస్తే 75కి దిగుతుంది, గంట వినే పనే ఉండదు.

పాదాల సంగతి. డ్రిల్ చేసేటప్పుడు నీ పాయింట్ బాగానే ఉంటుంది. ఎలిమెంటుకీ ఎలిమెంటుకీ మధ్య నడిచేటప్పుడే పాదం చెప్పులేసుకుని వీధిలో నడిచినట్టు పడుతోంది. పైన రాసిన ఆరింటిలో నాలుగు ఆ నడకలోవే. బీమ్ మీద ఒట్టి నడక రోజూ పది నిమిషాలు చెయ్యి, ప్రతి అడుగులో వేలి కొన ముందు తాకాలి. సాగే బ్యాండ్ పాదానికి చుట్టి, నెమ్మదిగా ముందుకు తోసి, ఇంకా నెమ్మదిగా వెనక్కి తీసుకో. ఒక్కో పాదానికి 20 చొప్పున రెండు సార్లు. మడమలెత్తి మునివేళ్ల మీద 30 సెకన్లు నిలబడటం కూడా, మోకాళ్లు బిగించి.

స్ప్లిట్‌కి జామెట్రీ బాక్సు. లీప్‌ని పక్కనుంచి, నడుం ఎత్తులో ఫోన్ పెట్టి స్లో మోషన్‌లో తీయి. బాగా పైకి లేచిన చోట వీడియో ఆపి, స్క్రీన్ మీద కోణమానిని పెట్టి కొలువు. తుంటి నుంచి రెండు మోకాళ్లకీ గీతలు. 180 కి 20 డిగ్రీల లోపు తగ్గితే 0.1, 20 నుంచి 45 దాకా తగ్గితే 0.3. నీ లీప్ 165 దగ్గరుంది. మీ గ్రూపులో ఇద్దరు చేస్తున్నారని నువ్వు అడుగుతున్న స్విచ్ లీప్, గాల్లో కాళ్లు మార్చి చేసేది, ఉంది చూడు, అది సి. ఎ విలువ ఉన్న స్ప్లిట్ లీప్ బదులు అది పెడితే డి 0.2 పెరుగుతుంది. కానీ ప్రాక్టీసులో నీ స్విచ్ లీప్ 150 దాటడం లేదు, అంటే 30 తక్కువ, 0.3 కోత. ఇప్పుడు లీప్‌కి పోయేది 0.1. అంటే వచ్చేది 0.2, అదనంగా పోయేదీ 0.2. పైగా తూలితే ఇంకొంచెం పోతుంది. కాలు 45 డిగ్రీలకు మించి తగ్గిందా, ఆ ఎలిమెంటే లెక్కలోకి రాదు. స్విచ్ లీప్ వద్దనడం లేదు. నేల మీద 170 నిలకడగా వచ్చాక బీమ్ ఎక్కించు.

కొత్తదేదైనా రొటీన్‌లో పెట్టడానికి నా కొలత: పదిలో ఎనిమిది సార్లు పడకుండా రావాలి. అందులోనూ రోజులో మొదటి ప్రయత్నాన్నే లెక్కపెట్టు. పోటీలో ఇరవై నిమిషాలు కుర్చీలో కూర్చుని, ఒళ్లు చల్లబడ్డాక ఒకే ఒక్కసారి చేయాలి కదా. వరసగా ఆరోసారి బాగా వచ్చింది అన్నది అక్కడ పనికిరాదు.

ఈసారి పడింది బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్‌లో. వీడియోలో నీ కుడి భుజం ముందే తిరిగిపోతోంది, అందుకే చేయి బీమ్ అంచు మీద పడింది. వెనక్కి వెళ్లేటప్పుడు కళ్లు బీమ్ కోసం వెతకడం దీనికి కారణం: తల పక్కకు తిరిగితే భుజం దాని వెంటే వెళ్తుంది. చేతులు చెవులకు ఆనించి ఉంచు. తల చేతుల మధ్యే ఉండాలి. నేల గీత, లో బీమ్, కింద మ్యాట్లు పేర్చిన హై బీమ్, ఆ తర్వాతే మామూలు బీమ్. ఒక్కో మెట్టు మీద వరసగా మూడు రోజులు బాగా వస్తేనే పై మెట్టు. గాల్లో ఎక్కడున్నావో తెలియనట్టు అనిపించిందా, ఆ రోజు అది ఆపెయ్యి, సార్‌కి చెప్పు. భయపడుతున్నావని ఎవరేమన్నా సరే.

తూలినప్పుడు ఏం చేయాలో కూడా సాధన చేయాలి. నువ్వు నడుం పక్కకి వంచి చేతులు తిప్పుతున్నావు. అలా కాదు. పొట్ట బిగించి, మోకాళ్లు కొద్దిగా వదులు చేసి, చూపు బీమ్ చివర మీద నిలుపు. ఇక నిలవలేననుకుంటే వంగి బీమ్ పట్టుకో. పట్టుకుంటే 0.5, పడితే 1.0. పడ్డా కూడా పది సెకన్లలో ఎక్కాలి. ముఖం తుడుచుకుంటూ నిలబడకు.

ల్యాండింగ్ బీమ్, బార్స్, ఫ్లోర్, వాల్ట్ నాలుగింటికీ పనికొచ్చేది కాబట్టి రోజూ చెయ్యి. 60 సెంటీమీటర్ల బాక్సు మీద నుంచి పది దూకుళ్లు, ప్రతిదానికీ మూడు సెకన్లు కదలకుండా. పాదాల మధ్య తుంటి వెడల్పుకు మించకూడదు, మోకాళ్లు వంగాలి, తుంటి కొంచెం వెనక్కి, చేతులు ముందుకి. ఆ తర్వాత లేచి మడమలు కలుపు. కాళ్లు బిగదీసి దిగితే అడుగు పడక తప్పదు, పైగా మోకాళ్లకు దెబ్బ.

మిగతావి క్లుప్తంగా. బార్స్‌లో ఊరికే వేసే అదనపు స్వింగ్ ఒక్కోదానికి 0.5, నీకు అది రెండుసార్లు పడింది. కిప్ (వేలాడుతూ ఊగి బార్ పైకి రావడం) అయ్యాక భుజాలు బార్ ముందుకు వాలకుండానే కాస్ట్ (కాళ్లు వెనక్కి పైకి విసరడం) వేస్తున్నావు, అందుకే కాళ్లు పైకి లేవడం లేదు. ఫ్లోర్‌లో 12 మీటర్ల చదరం, మూల నుంచి మూలకి దాదాపు 17 మీటర్లు. ఒక పాదం గీత దాటితే 0.1, రెండూ దాటితే 0.3. నీ రెండో టంబ్లింగ్ (వరస పల్టీలు) ఇప్పటికన్నా ఒక అడుగు వెనక, మూలకి దగ్గరగా మొదలుపెడితే చాలు. వాల్ట్‌లో పరుగు గుర్తు మారాలి. దసరా నుంచి ఆరు సెంటీమీటర్లు పెరిగావు, అడుగు పొడుగైంది, గుర్తు మాత్రం పాతదే. అందుకే స్ప్రింగ్ బోర్డు ముందు అడుగులు కుదించుకుంటూ వేగం పోగొట్టుకుంటున్నావు. టేపుతో కొలిచి, అరడుగు చొప్పున వెనక్కి జరుపుతూ సార్‌తో కలిసి కొత్త గుర్తు పెట్టుకో, డైరీలో మీటర్లలో రాసుకో. పరుగెత్తి ఆగిపోతే 1.0 పోతుంది. అయినా బోర్డు తప్పుతోందని తెలిస్తే ఆగాల్సిందే.

ఒళ్లు పెరిగేటప్పుడు, బాగా వచ్చిన స్కిల్స్ కూడా కొన్నాళ్లు దారి తప్పుతాయి. చేతులు, కాళ్లు పొడుగైతే తిరగడానికి పట్టే కాలం మారుతుంది, పాత లెక్క సరిపోదు. కొన్ని నెలలు పడుతుంది, దానికి నువ్వు చేసిన తప్పేం లేదు. ఈ వయసులో ఎముక చివర్లు ఇంకా గట్టిపడవు కాబట్టి మణికట్టు, మడమ, మోకాలి కింద నొప్పి వారం దాటి ఉంటే దాచకు. టేప్ చుట్టి నెట్టుకురావద్దు, డాక్టరుకి చూపిద్దాం. వారంలో ఒక రోజు పూర్తిగా విశ్రాంతి.

తిండి గురించి ఎవరో ఏదో అన్నారని రాత్రి అన్నం మానేస్తున్నావని అమ్మమ్మ చెప్పింది. అది ఇవాళే మానెయ్యి. తిండి తగ్గితే ముందు పోయేది కాళ్లలో బలం, ఆ తర్వాత ఏకాగ్రత, అప్పుడు పడతావు. ప్రాక్టీసుకి రెండు మూడు గంటల ముందు ఇడ్లీలు, అయ్యాక అరటిపండు, గుడ్లు, రాత్రి పప్పన్నం, పెరుగు. పోటీ రోజు పొద్దున ఆవకాయ వద్దు. విజయవాడ ఉక్కలో నీళ్ల సీసా ఒక్కటి చాలదు, మజ్జిగ కూడా తీసుకెళ్లు. అరచేతుల చెమటకి చాక్ పూసుకో, కానీ పొరలు పొరలుగా వద్దు, గట్టిపడి చర్మం చీలుతుంది. కాయలు కాసిన చోట స్నానం తర్వాత ప్యూమిస్ రాయితో మెల్లగా రుద్ది, రాత్రి కొబ్బరి నూనె రాయి.

పోటీకి ఎనిమిది వారాలుంది. మొదటి మూడు వారాలు ఆగుళ్లు, నడక, డ్యాన్స్ కనెక్షన్, అంతే. తర్వాతి మూడు వారాలు బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ మెట్లు, ల్యాండింగులు, వారానికి రెండు పూర్తి రొటీన్లు. ఏడో వారం పోటీలో వేసుకునే లియోటార్డ్ వేసుకుని, ఎవరినైనా జడ్జిగా కూర్చోబెట్టి, చేయెత్తి సెల్యూట్ చేసి ఒక్కసారే. పడ్డా మళ్లీ చేయడానికి లేదు. చివరి వారం పని సగానికి తగ్గించు, కొత్తదేదీ ముట్టుకోవద్దు. శనివారం శనివారం రొటీన్ వీడియో పంపు, కోతలు ముందు నువ్వు రాసి, తర్వాత నావి చూడు. ఆగుళ్లన్నీ, నడకలోని నాలుగు పాదాలూ సరిచేస్తే 0.9, కనెక్షన్ 0.5. పడకపోతే ఇంకో 1.0. ఇప్పుడున్న ఎలిమెంట్లతోనే 11.1.

ఆదివారం వస్తాను. ట్రైపాడ్, కొలత టేపు తెస్తున్నాను. బార్స్‌కి చేతులకు వేసుకునే నీ గ్రిప్స్ బిగుతైనట్టున్నాయి, అరచెయ్యి కొలత తీసుకుని పెట్టు: మణికట్టు గీత నుంచి నడిమి వేలి కొస దాకా.

అమ్మ