కొత్త మందు మొదలయ్యాక మనిషి తీరు మారితే

అందరికీ నమస్కారం. మన రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఇళ్లలో పెద్దవాళ్లకో పిల్లలకో కొత్త మందు మొదలుపెట్టినవాళ్లు ఇది తప్పకుండా చదవండి. మా అత్తగారికి ఆయాసం ఎక్కువై ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మందు రాశారు, ఆయాసం తగ్గింది కానీ నాలుగో రోజు నుంచి రాత్రంతా నిద్ర లేదు, ఆగకుండా మాటలు, తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారని భయం. గాలి సోకిందని ఒకరు, వయసు మీద పడిందని ఒకరు అన్నారు, మందు సంగతి ఎవరికీ తట్టలేదు. ఆవిడకు ఒడియా రాదు, డాక్టర్‌గారికి తెలుగు రాదు, మధ్యలో ఉన్న మేమైనా చెప్పలేదు, అది నాకు ఇప్పటికీ బాధే. చివరికి చెప్తే డోసు తగ్గించారు, మామూలయ్యారు.

ప్రెడ్నిసోలోన్ రోజుకు 40 మిల్లీగ్రాములు దాటితే ఈ ప్రమాదం పెరుగుతుంది. పిల్లలకు ఉబ్బసానికి, అలర్జీకి ఇచ్చే మాంటెలుకాస్ట్‌తో పీడకలలు, చిరాకు, దిగులు రావచ్చు, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో దీనిమీద గట్టి హెచ్చరిక పెట్టించింది. మూర్ఛకు వాడే లెవెటిరాసిటమ్‌తో కోపం, మందులకు లొంగని టీబీకి ఇచ్చే సైక్లోసెరిన్‌తో భ్రమలు కూడా రావచ్చు.

అలాగని మీ అంతట మీరే ఆపేయకండి, స్టెరాయిడ్, మూర్ఛ మందు ఉన్నట్టుండి మానేస్తే అదింకా ప్రమాదం. మందు మొదలైన తేదీ, మార్పు కనిపించిన రోజు, ఎన్ని గంటలు నిద్రపోయారు, ఇవన్నీ క్యాలెండర్ మీద రాసి డాక్టర్‌కు చూపించండి. ముందే డిప్రెషన్ ఉంటే మందు రాసేటప్పుడే చెప్పాలి. చచ్చిపోతాననే మాట వస్తే ఒంటరిగా వదలకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మనసు బాగోలేనప్పుడు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ నంబరు టెలీ మానస్ 14416 ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగు ఎంచుకోవచ్చు.

డాక్టర్‌తో ఒడియాలో మాట్లాడటానికి మనిషి కావాలంటే ఇక్కడే అడగండి, నేను వస్తాను.