పోలింగ్ కేంద్రం మార్చండి, కానీ పాత గేటు దగ్గర ఒక మనిషిని పెట్టండి

తెలంగాణ ప్రధాన ఎన్నికల అధికారి గారికి,

నమస్కారం.

ఒక్కో పోలింగ్ కేంద్రంలో 1200 మందికి మించి ఓటర్లు ఉండకూడదని కేంద్ర ఎన్నికల సంఘం 2025లో నిర్ణయించింది. అంతకుముందు 1500 దాకా ఉండేవారు. క్యూ తగ్గుతుంది కాబట్టి మంచి నిర్ణయమే. కానీ హైదరాబాద్‌లో ఇది అమలు కావాలంటే ఉన్న కేంద్రాలను చీల్చాలి, కొత్త గదులు వెతకాలి, ఏళ్ల తరబడి ఒకే బడికి వెళ్లి ఓటేసిన జనాన్ని ఇంకో చోటికి పంపాలి. ఆ పంపడం గురించే ఈ ఉత్తరం.

నేను సర్కారు బడిలో పనిచేసి రిటైరైన టీచర్ని. ఎన్నికల డ్యూటీలు చాలా చేశాను, ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా కూడా. కేంద్రం మారిన తర్వాత వచ్చే మొదటి ఎన్నికల్లో ఏం జరుగుతుందో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకు బాగా తెలుసు. పొద్దున తొమ్మిదింటి నుంచి మొదలవుతుంది. చేతిలో ఓటరు కార్డు ఉంటుంది, మనిషి మన కళ్లముందు ఉంటుంది, పేరు మాత్రం మన దగ్గరున్న జాబితాలో ఉండదు. "పోయినసారి ఈడనే ఏసిన గద మేడమ్" అంటారు. నిజమే, ఇక్కడే వేశారు. ఈసారి ఓటరు జాబితాలో వాళ్ల వీధి ఉన్న భాగం వేరే భవనానికి వెళ్లింది. ఆ మాట చెప్పి పంపడం తప్ప మాకు వేరే దారి లేదు. జాబితాలో పేరు లేనివారి చేత ఓటు వేయించే అధికారం ప్రిసైడింగ్ ఆఫీసర్‌కు లేదు.

కొందరు గేటు బయటికి వెళ్లి, కాస్త దూరంలో పార్టీల వాళ్లు వేసుకున్న టేబుల్ దగ్గర చీటీ రాయించుకుని కొత్త చోటు వెతుక్కుంటారు. చాలామంది ఎండలో కాసేపు నిలబడి ఇంటికి వెళ్లిపోతారు. ఓటు వేసినవారి వివరాలు 17ఏ రిజిస్టర్‌లో ఉంటాయి. వెనక్కి వెళ్లిపోయినవారి లెక్క ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. కాబట్టి కేంద్రం మార్పు వల్ల ఎన్ని ఓట్లు పోయాయని మీరు ఏ కింది అధికారిని అడిగినా "ఫిర్యాదులేమీ లేవు" అనే జవాబే వస్తుంది.

2024 మే 13న జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్, సికింద్రాబాద్ రెండు స్థానాల్లోనూ పోలింగ్ 50 శాతం దాటలేదు. ప్రతిసారీ ఈ లెక్క రాగానే నగర ఓటరు బద్ధకస్తుడని, సెలవిస్తే ఊరికి పోతాడని టీవీల్లో తిడతారు. ఊరికి పోయేవారు ఉన్నారు, కాదనను. జాబితాలో డబుల్ పేర్లు కూడా ఉన్నాయి. అయితే బయల్దేరి వచ్చి గేటు దాకా చేరి వెనక్కి వెళ్లినవారిని కూడా బద్ధకస్తుల లెక్కలోనే కలపడం న్యాయమా?

నా మొదటి విన్నపం చాలా చిన్నది, ఖర్చు కూడా దాదాపు లేనిది. ఒక కేంద్రాన్ని మార్చినప్పుడు, తర్వాత వచ్చే ఎన్నికల రోజున పాత భవనం గేటు దగ్గర తెలుగు, ఉర్దూ, హిందీ మూడింటిలో బోర్డు పెట్టించండి. దాని పక్కన అక్షర క్రమంలో జాబితాతో ఒక బీఎల్ఓని, అంటే బూత్ స్థాయి అధికారిని, కూర్చోబెట్టండి. ఓటరు సహాయ కేంద్రాలు ఇప్పటికే పెడుతున్నారు. కాకపోతే అవి కొత్త భవనం దగ్గర ఉంటాయి. అక్కడికి చేరినవాడికి సగం సహాయం అప్పటికే అందినట్టు. దారి తప్పేది పాత చోట.

రెండోది దూరం. ఓటరు రెండు కిలోమీటర్లకు మించి ప్రయాణించకూడదన్నది నియమం. ఊళ్లలో ఆ నియమం వల్ల మేలు జరిగింది. నగరంలో మాత్రం మ్యాప్ మీద దూరం వేరు, కాళ్లతో నడిచే దూరం వేరు. విద్యానగర్ నుంచి కాచిగూడ వైపు రైలు పట్టాలున్నాయి. పట్టాలకు ఇవతల ఇల్లు, అవతల బడి ఉంటే ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నవారికి అది ఎదురిల్లులా కనిపిస్తుంది. నడిచేవారికి అండర్ బ్రిడ్జి దాకా పోయి తిరిగి రావడమే. మూసీ ఒడ్డు బస్తీల్లో, నాలాల పక్క కాలనీల్లో, సిగ్నల్ లేని మెయిన్ రోడ్ల దగ్గర కూడా ఇదే గొడవ. కాబట్టి కొత్త భవనం ఖరారు చేసే ముందు బీఎల్ఓ ఆ భాగంలోని చివరి ఇంటి నుంచి నడిచి చూడాలి. ఒక్కరే కాదు, ఆ ఇంట్లో పెద్దావిడ ఎవరైనా ఉంటే ఆమెతో కలిసి.

దూరం పెరిగితే ఇంకో చిక్కు ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఓటర్లను అభ్యర్థులు వాహనాల్లో తరలించడం ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని సెక్షన్ 123(5) ప్రకారం అవినీతి చర్య. కానీ మోకాళ్ల నొప్పులున్న మనిషికి బూత్ దూరమైతే ఆమె గుమ్మం ముందుకు వచ్చే ఆటో ఎవరిదో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆటో ఎక్కించినవారు దారి పొడవునా ఏం మాట్లాడతారో కూడా తెలుసు. 2023 అసెంబ్లీ ఎన్నికలప్పుడు ఒక బైక్ ట్యాక్సీ కంపెనీ హైదరాబాద్‌లో ఓటర్లను ఉచితంగా తీసుకెళ్తామని ప్రకటించింది. మంచిదే, కుర్రాళ్లకు పనికొస్తుంది. డెబ్భై ఏళ్ల మనిషి బైక్ వెనక ఎలా కూర్చుంటుంది?

ఇంటి నుంచే ఓటు వేసే సౌకర్యం ఉంది కదా అంటారేమో. అది 85 ఏళ్లు దాటినవారికి, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నవారికి. అదీ నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపు ఫారం 12డీ ఇస్తేనే. అరవై ఐదు నుంచి ఎనభై నాలుగు మధ్య ఉండి, సర్టిఫికెట్‌కు సరిపడా వైకల్యం లేక, మెట్లెక్కే శక్తి కూడా లేనివారే మా వీధిలో ఎక్కువ. కేంద్రం మారితే ముందు దెబ్బ తగిలేది వాళ్లకే. అందుకే గ్రౌండ్ ఫ్లోర్ దొరకని భవనాన్ని ఎంత దగ్గరున్నా తీసుకోవద్దు. అద్దె భవనాల్లో నడిచే ప్రైవేటు బడుల్లో కింద ఆఫీసు, పైన తరగతులు. పోలింగ్‌కు ఏ గది ఇస్తారో ముందే రాతపూర్వకంగా తీసుకోండి. వికలాంగుల హక్కుల చట్టం 2016లోని సెక్షన్ 11 పోలింగ్ కేంద్రాలన్నీ వికలాంగులకు అందుబాటులో ఉండాలంటుంది. ముందు రోజు సాయంత్రం ఇసుక బస్తాల మీద చెక్క పరిచి దాన్ని ర్యాంపు అంటే ఆ చట్టం ఒప్పుకోదు. వీల్‌చెయిర్ కూడా ఒప్పుకోదు, వెనక్కి జారుతుంది.

ఇక గేటెడ్ కమ్యూనిటీల సంగతి. ఎత్తైన అపార్ట్‌మెంట్ల ఆవరణల్లో కూడా కేంద్రాలు పెట్టాలని ఎన్నికల సంఘం అంటోంది. ఏడు లక్షల పైచిలుకు ఓటర్లున్న శేరిలింగంపల్లి లాంటి నియోజకవర్గంలో దీని అవసరం ఉంది, నేను వ్యతిరేకించను. ఒక్క షరతు. ఆ క్లబ్‌హౌస్ కేంద్రానికి పక్క బస్తీని జత చేశారనుకోండి. మామూలు రోజుల్లో అదే గేటు దగ్గర ఆ బస్తీ ఆడవాళ్లు పనికి వచ్చినప్పుడు పేరు రాయించుకుంటారు, బ్యాగు చూపిస్తారు, కొన్నిచోట్ల వేరే లిఫ్ట్ ఎక్కుతారు. పోలింగ్ రోజున వాళ్లు ఓటర్లుగా వస్తారు. ఆ రోజు గేటు దగ్గర వాచ్‌మన్ కాకుండా పోలీసు ఉండాలి, రిజిస్టర్ ఉండకూడదు, "ఏ ఫ్లాట్?" అని ఎవరూ అడగకూడదు. ఈ మాట సొసైటీ కమిటీ నుంచి రాసి తీసుకోకపోతే ఆ కేంద్రానికి బస్తీని జత చేయవద్దు. బస్తీకి వేరే కేంద్రం ఇవ్వండి.

కేంద్రం కదలకుండా మనిషి కదిలిన సందర్భాలు కూడా ఉన్నాయి. 2024లో చాదర్‌ఘాట్ దగ్గర మూసీ ఒడ్డు ఇళ్లవాళ్లను మలక్‌పేటలోని డబుల్ బెడ్‌రూం ఇళ్లకు తరలించారు. కొల్లూరు డబుల్ బెడ్‌రూం ఇళ్లకైతే నగరం నుంచి వెళ్లినవాళ్లు జిల్లానే మారిపోయారు. ఇలాంటివాళ్లు ఫారం 8 నింపితే ఓటు కొత్త చిరునామాకు వస్తుంది. ఇంటి తాళం చేతికిచ్చిన రోజే ఆ ఫారం కూడా ఇచ్చి నింపించి ఉంటే సగం పని అయిపోయేది. ఇకముందైనా అలా చేయమని రెవెన్యూ వారికి మీరు రాయవచ్చు.

మున్సిపల్ ఎన్నికలు మీ పరిధిలో లేవని నాకు తెలుసు, అవి రాష్ట్ర ఎన్నికల సంఘానివి. ఆ తేడా మా వీధిలో ఎవరికీ తెలియదు. కార్పొరేటర్‌కు ఒక బడిలో, ఎమ్మెల్యేకు ఇంకో బడిలో ఓటేయాల్సి వస్తే జనం దాన్ని కావాలని చేసిన గందరగోళం అనుకుంటున్నారు. రెండు ఆఫీసులూ ఒకసారి కూర్చుని వీలైనంతవరకు ఒకే భవనాలు ఎంచుకుంటే మాకు ఈ టెన్షన్ తగ్గుతుంది.

చివరగా పోలింగ్ కేంద్రాల ముసాయిదా జాబితా. కేంద్రాల మార్పుపై గుర్తింపు పొందిన పార్టీలను పిలిచి అభిప్రాయం అడుగుతారు. పార్టీల వాళ్లు తమకు బలమున్న వీధుల గురించి మాట్లాడతారు, అది వాళ్ల పని. కాలనీ సంఘాలను, బస్తీ మహిళా సంఘాలను, వికలాంగుల సంఘాలను కూడా ఆ సమావేశానికి పిలవండి. ముసాయిదాను వెబ్‌సైట్‌లో పెట్టి ఊరుకోకుండా రేషన్ షాపు దగ్గర, వార్డు ఆఫీసు దగ్గర, మారబోతున్న బడి గోడ మీద అంటించండి. మారిన ప్రతి కేంద్రం ఎదురుగా పాత భవనం పేరు, మార్చిన కారణం, చివరి ఇంటి నుంచి నడక దూరం, గది ఏ అంతస్తులో ఉందో అచ్చు వేయండి. అభ్యంతరం చెప్పడానికి కనీసం ఒక ఆదివారమైనా కలిసేలా గడువు ఇవ్వండి. మా ఇళ్లలో ఇలాంటివి చదివి మాట్లాడుకునేది ఆ ఒక్క రోజే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
అంబర్‌పేట, హైదరాబాద్