నిన్న నెట్ రెండుసార్లు ఎందుకు పోయింది

అందరికీ నమస్తే. ఫైబర్ తెగిందని మా కుర్రాడు నిన్న కొందరికి ఫోన్‌లో చెప్పాడు. అది నిజం కాదు. ఏం చెప్పాలో తెలియక అలా అనేశాడు, వాణ్ణి ఏమీ అనకండి, తప్పు నాది.

మొన్న రాత్రి, మీ అందరికీ నెట్ పంపే మా మెయిన్ రౌటర్‌కి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. ఇమేజ్ అంటే ఆ సాఫ్ట్‌వేర్ మొత్తం ఉండే ఫైలు, దాని డౌన్‌లోడే సగంలో ఆగిపోయింది, నేను చూసుకోలేదు. ఫైలు పూర్తిగా వచ్చిందో లేదో చెప్పే ఎండీ5 కోడ్ సరిచూస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోయేది, నిద్ర ముంచుకొస్తోందని వదిలేశాను. తెల్లవారుజామున రీస్టార్ట్ కొడితే రౌటర్ పైకి లేవలేదు, రామ్‌మాన్ (ROMMON) అనే అత్యవసర ప్రాంప్ట్ దగ్గర కూర్చుంది. అంటే మిషన్‌కి ప్రాణం ఉంది గానీ నడిపించే సాఫ్ట్‌వేర్ దొరకలేదన్నమాట.

రౌటర్‌కి నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్ పెట్టి, ఫ్లాష్‌లో, అంటే ఆ ఫైళ్లుండే మెమరీలో, ఏమున్నాయో ల్యాప్‌టాప్‌లోంచి చూశాను. పాత ఇమేజ్ చెరపకుండా ఉంచడం ఒక్కటే నేను చేసిన మంచిపని. 'బూట్ ఫ్లాష్' అని కొట్టి పక్కన ఆ పాత ఫైలు పేరు అక్షరం పొల్లుపోకుండా టైప్ చేస్తే కాసేపటికి లేచింది. మీ కనెక్షన్ల సెట్టింగులు వేరే మెమరీలో ఉంటాయి కాబట్టి వాటికేమీ కాలేదు. పాత ఫైలు కూడా లేకపోతే, నెట్‌వర్క్ మీద ఫైలు పంపే టీఎఫ్‌టీపీ కుదరని పక్షంలో ఆ కన్సోల్ కేబుల్‌లోంచే ఎక్స్‌మోడెమ్ అనే పాత పద్ధతిలో పంపాలి. ఆ కేబుల్ మామూలు స్పీడు సెకనుకి 9600 బిట్లు, అందులో సెకనుకి వెయ్యి బైట్లు కూడా వెళ్లవు, 30 ఎంబీ ఫైలుకి ఎనిమిదిన్నర గంటలు పైనే, తలుచుకుంటేనే టెన్షన్.

ఇక మధ్యాహ్నం పోయింది చూశారూ, అది మరీ సిగ్గుచేటు. చేత్తో బూట్ చేసింది ఆ ఒక్కసారికే పనిచేస్తుంది. కాన్ఫిగరేషన్‌లో, ఏ ఫైలుతో లేవాలో చెప్పే 'బూట్ సిస్టమ్' లైను ఇంకా ఆ పాడైన ఫైలునే చూపిస్తోంది, నెట్ వచ్చింది కదా అని నేను టిఫిన్‌కి వెళ్లిపోయాను. తర్వాత యూపీఎస్ బ్యాటరీ మారుస్తుంటే కరెంటు ఒక్క క్షణం పోయింది, రౌటర్ మళ్లీ అదే ప్రాంప్ట్‌కి వచ్చింది. మీరు మీ ఇళ్లలో రౌటర్లు పదిసార్లు ఆపి ఆన్ చేసి ఉంటారు, దాంట్లో మీ తప్పేమీ లేదు.

ఇప్పుడు ఆ లైను పాత ఇమేజ్‌కి మార్చి సేవ్ చేశాను, రౌటర్ ఎలా లేవాలో చెప్పే రిజిస్టర్ మామూలు విలువ హెక్స్ 2102లోనే ఉందని చూసుకున్నాను, రాత్రి ఒంటిగంటకి నేనే కావాలని పవర్ తీసి పెట్టాను, ఎవరూ ముట్టుకోకుండా దానంతట అదే లేచింది. ఆ ఐదారు నిమిషాలు మేలుకుని ఉన్నవాళ్లకి సారీ.

కొత్త సాఫ్ట్‌వేర్ ఎలాగూ ఎక్కించాలి, సెక్యూరిటీ లోపాలు సరిచేసింది అందులోనే. ఈసారి ముందురోజే మెసేజ్ పెడతాను. నిన్నటికి బదులు అందరి ప్లాన్‌కీ రెండు రోజులు కలిపాం, మీ అకౌంట్‌లో కనిపించకపోతే నాకే ఫోన్ చేయండి.