ఆటోమేటిక్ లింకులు పేజీల దాకా చాలు, వాట్సాప్ గ్రూపుల్లోకి వద్దు

సంపాదకులకు నమస్కారం.

బ్లాగులో టపా పబ్లిష్ చేయగానే అది ఫేస్‌బుక్, టెలిగ్రామ్, ఎక్స్ అన్నింటికీ తనంతట తానే వెళ్లిపోయేలా పెట్టుకోవచ్చని మొన్న మీ జిల్లా పేజీలో రాశారు. బాగుంది, నేనూ అదే చేస్తాను. కానీ చివర్లో 'వాట్సాప్ గ్రూపులకు కూడా ఇలాగే పంపుకోవచ్చు' అని ఒక ముక్క తగిలించారు చూడండి, ఈ ఉత్తరం ఆ ముక్క గురించే.

మాది కావలి. ఈ చుట్టుపక్కల రొయ్యల చెరువులున్న ఊళ్లలో రైతులకు వాట్సాప్ గ్రూపులుంటాయి. పొద్దున్నే రైతు దాన్ని తెరిచేది ఇవాళ కౌంటు రేటు ఎంత పలుకుతోందో చూడ్డానికి (వంద కౌంటు అంటే కిలోకి వంద తూగేవి, ముప్పై కౌంటు అంటే పెద్ద రొయ్యలు). లేదంటే ఫలానా ఫీడర్లో (కరెంటు లైన్లో) కరెంటు తీస్తున్నారన్న కబురు కోసం, ఎందుకంటే నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది, అప్పుడిక జనరేటర్ దగ్గరికి పరుగే. అలాంటి గ్రూపులో తెల్లారేసరికి ఎవరెవరి బ్లాగు లింకులో వరసగా పడివుంటాయి, 'మొబైల్లో డబ్బు సంపాదించే మార్గాలు', 'మీ రాశికి ఈ వారం', ఇట్లాంటివి. పంపింది మనిషి కూడా కాదు, కాబట్టి తిట్టినా పట్టించుకునే నాథుడు లేడు. అసలు కబురు పైకెళ్లిపోతుంది, వేలితో తోసుకుంటూ వెతుక్కోవాలి.

పైగా మామూలు ఖాతాతో ఇలా ఆటోమేటిగ్గా మెసేజీలు పంపడం వాట్సాప్ నిబంధనలకే విరుద్ధం, నంబరు బ్యాన్ కావచ్చు. ఇలా పంపడానికి బజార్లో అమ్మే బయటి టూల్స్ చాలావరకు మన ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేయించుకుంటాయి, అంటే మన చాట్లన్నీ తీసుకెళ్లి ఎవరి కంప్యూటర్లోనో తెరిచిపెట్టినట్టే. ఇదొక్కటీ మీ వ్యాసంలో రాసుంటే బాగుండేది.

ఇంతకీ ఆటోమేషన్ పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. బ్లాగర్‌లో రాసినా వర్డ్‌ప్రెస్‌లో రాసినా బ్లాగుకు ఆర్‌ఎస్‌ఎస్ ఫీడు ఉంటుంది, కొత్త టపా పడగానే దాని శీర్షిక, లింకు అందులో చేరతాయి, ఐఎఫ్‌టీటీటీ, జాపియర్ లాంటి సర్వీసులు ఆ ఫీడును కాసేపటికోసారి తొంగిచూసి, కొత్తది కనబడితే తీసుకెళ్లి మనం చెప్పినచోట వేస్తాయి. పాత తెలుగు బ్లాగర్లకు ఇది తెలిసిన సంగతే, తెలుగు బ్లాగులన్నిటినీ కలిపి చూపించిన కూడలి సైటులో అందరి టపాలూ ఒకేచోట కనిపించింది ఈ ఫీడ్ల పుణ్యానే.

అయితే ఒకసారి సెట్ చేస్తే జన్మంతా పనిచేస్తుందనుకోకూడదు. 2018 ఆగస్టు నుంచి బయటి యాప్‌లు మన సొంత ప్రొఫైల్లో పోస్టు వేయకుండా ఫేస్‌బుక్ ఆపేసింది, పేజీ ఉంటేనే కుదురుతుంది. 2024లో గ్రూపుల దారి కూడా మూసేసింది. ట్విట్టర్ (ఇప్పటి ఎక్స్) 2023లో ఏపీఐకి, అంటే బయటి యాప్‌లు తనతో కలిసి పనిచేసే దారికి, డబ్బులడిగేసరికి వర్డ్‌ప్రెస్ నుంచి నేరుగా ట్వీట్లు వెళ్లడం ఆగిపోయింది. టపాల్ని ఈమెయిల్లో పంపే ఫీడ్‌బర్నర్ సదుపాయాన్ని గూగుల్ 2021లో తీసేసింది. ఇలా తెగిపోయిన సంగతి చాలాసార్లు మనకు తెలిసేది ఎవరో ఫోన్ చేసి 'ఏందబ్బా, రాయడం మానేశావా' అని అడిగినప్పుడే. నా మటుకు టెలిగ్రామ్ చానలే నమ్మకం. బాట్ (మన బదులు పోస్టులు వేసే ఆటోమేటిక్ ఖాతా) ఒకటి తయారుచేసుకుని చానల్లో అడ్మిన్‌గా పెడితే సరిపోతుంది, ఇష్టమున్నవాళ్లే చేరతారు, విసుగొస్తే వెళ్లిపోతారు. వాట్సాప్‌లోనూ 2023 నుంచి చానళ్లున్నాయి కదా, అందులో చేత్తో వేసుకోండి.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో చిక్కుంది, ఇంగ్లీషు వీడియోలు చూసి నేర్చుకుంటే ఇది తెలియదు. టపా చిరునామాలో తెలుగు అక్షరాలుంటే లింకు కాపీ చేసినప్పుడు ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతం శాతం గుర్తులతో తొమ్మిదేసి గుర్తులుగా మారిపోతుంది. 'నెల్లూరు' అన్న మాట ఒక్కటే 72 గుర్తులవుతుంది! చూసినవాడు ఇదేదో వైరస్ లింకు అనుకుని ముట్టుకోడు. శీర్షిక తెలుగులో ఉంచి, చిరునామా మాత్రం చిన్నగా ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోవాలి, అదీ పబ్లిష్ నొక్కకముందే, తర్వాత మారిస్తే అప్పటికే వెళ్లిన లింకులు చెడిపోవచ్చు. లింకు పైన రెండు మాటలు కూడా మనమే రాయాలి. యంత్రానికి వదిలేస్తే శీర్షికనే మళ్లీ వేస్తుంది, లింకు కింద ఎలాగూ అదే శీర్షిక కనబడుతుంటుంది.

అన్నిటికన్నా నాకు భయం ముందే టైమ్ పెట్టి వదిలేసే పోస్టులంటే. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడు ఒక ట్రావెల్ పేజీలో ఠంచనుగా పోస్టు పడింది, 'ఆదివారం మైపాడు బీచ్‌కి పోదాం రండి' అని. కింద జనం పెట్టిన శాపనార్థాలు మీరు అచ్చు వేయలేరు. ఆ పేజీ నడిపే అబ్బాయి ఇల్లే నీళ్లలో ఉందంట, కరెంటు లేదు, ఫోన్లో చార్జింగ్ లేదు, ఆపుదామన్నా కుదరలేదంట. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల రోజులు, వాయుగుండం అన్న మాట వినబడగానే ముందు షెడ్యూల్ ఆపుకోవాలి.

మీ పత్రిక పేజీ కూడా ఏం తక్కువ కాదు. తుపాను హెచ్చరికకూ సినిమా హీరోయిన్ ఫొటోలకూ మధ్య ఐదు నిమిషాల తేడా ఉంటుంది, వేసేది మనిషైతే ఆ రోజుకైనా ఆగుతాడు కదా.

వాట్సాప్ గ్రూపుల ముక్కను సవరిస్తూ రెండు లైన్లు వేయండి. వెబ్‌సైట్లో దిద్దేసి ఊరుకోకుండా జిల్లా పేజీలోనే వేయండి, పేపర్లో చదివి ఆ టూల్స్ కొన్నవాళ్లు మళ్లీ చూసేది పేపరే.

ఇట్లు,
మీ పాఠకుడు,
కావలి, నెల్లూరు జిల్లా